‘ఎంత తాగుతారు?’ – ఒక వైద్యప్రశ్న చరిత్ర

అమెరికాలో ఏడాదికొకసారి జరిగే ఆరోగ్యపరీక్షకు వెళ్ళినవారికి డాక్టరు దర్శనం కంటే ముందు ఒక ప్రశ్నాపత్రం ఎదురవుతుంది. పొగాకు, వ్యాయామం, నిద్ర, దిగులు వంటి విషయాల నడుమ మద్యం గురించి రెండు మూడు ప్రశ్నలు ఉంటాయి. ఎంత తరచుగా తాగుతారు? తాగిన రోజున ఎన్ని గ్లాసులు? ఒకే పూట ఆరు గ్లాసులు, అంతకు మించి తాగిన సందర్భాలు ఎన్ని? ఈ గడుల దగ్గర కలం ఒక్క క్షణం ఆగడం, ఆ తరువాత అన్నిటికంటే నిరపాయంగా కనిపించే గడిలో గుర్తు పడటం అరుదైన సంగతేమీ కాదు.

ఆ తటపటాయింపుకు కారణం కొంత భాషలోనే ఉంది. తెలుగులో తాగేవాడిని గురించి తీర్పు చెప్పే మాటలే ఎక్కువ. ఒకడు తాగుబోతు, మరొకడికి ఏ అలవాట్లూ లేవు. ఈ రెంటి నడుమ ఉన్న విశాలమైన ప్రదేశాన్ని ‘పార్టీల్లో తీసుకుంటాడు’, ‘కాస్త అలవాటుంది’ అనే నసుగుడు మాటలతో దాటేస్తాం. పెళ్ళి సంబంధాల విచారణ దగ్గరనుంచి పొరుగింటివారి గుసగుసల వరకూ అడిగే ప్రశ్న ఒకటే: అతను తాగుబోతా, కాదా?

వైద్యశాస్త్రం కూడా దాదాపు రెండు వందల ఏళ్ళు ఇదే ప్రశ్న అడిగింది. ‘ఇతను ఎలాంటివాడు?’ అన్న ప్రశ్ననుంచి ‘ఇతను ఎంత తాగుతున్నాడు?’ అన్న ప్రశ్నకు రావడానికి దానికి అంత కాలం పట్టింది. ఆరోగ్యపరీక్ష కాగితంపై కనిపించే ఆ రెండు మూడు వాక్యాల వెనకనున్న చరిత్ర ఇదే.

పాపం నుంచి జబ్బుకు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడైన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్, ఘాటైన మద్యాల దుష్ఫలితాలపై 1784లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. దాని తరువాతి ముద్రణలలో చేరిన ఒక చిత్రం చాలా ప్రసిద్ధి పొందింది. అది ఒక ఉష్ణమాపకం. పై అంచున నీళ్ళు, పాలు; వాటికి ఎదురుగా ఆరోగ్యం, సంపద. కిందికి దిగేకొద్దీ ఘాటు పెరిగే పానీయాలు. వాటికి ఎదురుగా జబ్బులు, అప్పులు, చెరసాల, చివరకు ఉరికొయ్య. దిగువ వరుసల్లో టాడీ అన్న మాట ఒకటి కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం చక్కెర, నీళ్ళు కలిపిన రమ్ము వంటి పానీయం. కాని ఆ మాట పుట్టుక మాత్రం మన తాటిచెట్టు దగ్గరే. తాటికల్లుకు ఉత్తరాదివారు వాడే ‘తాడీ’ ఇంగ్లీషు ఓడలెక్కి సముద్రాలు దాటి, రూపం మార్చుకొని రష్ పటంలో చోటు సంపాదించింది.

రష్ కొలబద్ద ఉష్ణమాపకంలా కనిపించినా, అది కొలిచింది మోతాదును కాదు. ఏ పానీయం మనిషిని ఎంత పతనానికి తీసుకుపోతుందో చెప్పే నీతిపటం అది. అయినా తాగుడు వైద్యులు పట్టించుకోవలసిన విషయమని గట్టిగా చెప్పిన తొలివారిలో రష్ ఒకడు. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ 1788లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలోను, 1804లో వెలువరించిన గ్రంథంలోను అతితాగుడును జబ్బుగా వర్ణించాడు. స్వీడన్ వైద్యుడు మాగ్నుస్ హుస్ 1849లో ఈ జబ్బుకు ఆల్కహాలిజం అన్న పేరు పెట్టాడు.

పేరు కుదరడంతో ఒక మేలు జరిగింది, ఒక చిక్కూ వచ్చింది. తాగుబోతును పాపిగా కాక రోగిగా చూడటం సాధ్యమైంది. అయితే జబ్బు అన్నాక ఉన్నవాడు, లేనివాడు అని రెండే వర్గాలు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ విభజన మరింత బలపడింది. 1935లో అమెరికాలో ప్రారంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఎందరికో ఆసరా అయింది. ఆ సంఘపు పత్రిక ద్వారా పంచిన ఒక ప్రశ్నావళికి వచ్చిన జవాబులను ఇ. ఎం. జెలినెక్ అనే పరిశోధకుడు విశ్లేషించి 1946లో ప్రచురించాడు. మద్యవ్యసనం ఏయే దశలు దాటి ముదురుతుందో వివరించిన ఆ ప్రసిద్ధ చిత్రణకు ఆధారం తొంభై ఎనిమిది మంది పురుషుల జవాబులు. వారంతా వ్యసనం చివరి మెట్టు దాకా దిగి, తిరిగి పైకెక్కే ప్రయత్నంలో ఉన్నవారు. వారి అనుభవం అమూల్యమైనదే. కాని ఆ దారిలో అడుగు పెట్టీ పెట్టని కోట్లాది మందిని గురించి అది చెప్పగలిగింది తక్కువ.

రోగిని పట్టే ప్రశ్నలు

తొలితరం స్క్రీనింగ్ ప్రశ్నావళులు ఈ దృష్టితోనే తయారయ్యాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు మెల్విన్ సెల్జర్ 1971లో ఇరవై ఐదు ప్రశ్నల పరీక్ష ఒకదాన్ని ప్రచురించాడు. తాగి బండి నడిపేవారిపైన, రోడ్డు ప్రమాదాలపైన పరిశోధన చేసినవాడాయన. తాగుడు మూలంగా ఉద్యోగం పోయిందా, ఆస్పత్రి పాలయ్యారా, అరెస్టయ్యారా వంటివి ఆయన ప్రశ్నలు. ఇటువంటి ప్రశ్నలకు అవునని చెప్పవలసి వచ్చినవాడి సంగతి ఆ పరీక్షకు ముందే ఊరందరికీ తెలిసి ఉంటుంది.

నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో జాన్ యూయింగ్ చేసిన పని మరింత సూటిగా ఉంది. 1968 ప్రాంతంలో ఆయన నాలుగే ప్రశ్నలు ఎంచుకున్నాడు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడును ఎవరైనా విమర్శిస్తే చిరాకు కలిగిందా? తప్పు చేస్తున్నానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే నరాలు కుదుటపడటానికో, హ్యాంగోవర్ తగ్గడానికో ఒక చుక్క తాగవలసి వచ్చిందా? ఈ నాలుగింటిలోని ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలను కలిపితే ‘కేజ్’, అంటే పంజరం, అవుతుంది. రెండిటికి అవునన్న జవాబు వస్తే వైద్యుడు మరింత లోతుగా విచారించాలి. 1974లో పరిశీలన ఫలితాలు వెలువడ్డాక ఈ పరీక్ష లోకమంతా వ్యాపించింది. వైద్యవిద్యార్థులు ఒక్కసారి వింటే మరిచిపోలేనంత సులువు దానిది.

అయితే ఈ నాలుగు ప్రశ్నల్లో ‘ఎంత’ అన్న మాట లేదు. ‘ఈ మధ్య’ అన్న మాట కూడా లేదు. ఇరవై ఏళ్ళ కిందట తాగుడు మానేసినవాడు నాలుగిటికీ అవునని చెప్పవచ్చు. రోజూ రాత్రి అరసీసా విస్కీ తాగి, పశ్చాత్తాపం అన్నదే ఎరగక హాయిగా నిద్రపోయేవాడు నాలుగిటికీ కాదని చెప్పి లేచిపోవచ్చు. అతని రక్తపోటుకు, కాలేయానికి ఆ పశ్చాత్తాపంతో నిమిత్తం లేదు.

మాల్మో నగరంలో

ప్రశ్న దిశ మారడానికి దోహదం చేసిన ప్రయత్నాల్లో ఒకటి స్వీడన్‌లోని మాల్మో నగరంలో జరిగింది. 1970ల్లో అక్కడి మధ్యవయసు పురుషులను ఆరోగ్యపరీక్షలకు పిలిచారు. వారి రక్తంలో జీజీటీ అనే ఎంజైమును కొలిచారు. మద్యం ఎక్కువగా తాగేవారిలో ఇది పెరుగుతుంది. ఇది అధికంగా ఉన్నవారిలో తాగుడుతో ముడిపడినట్లు తేలినవారిని రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి ఎంజైము పెరిగిందని, తాగుడు తగ్గించుకొమ్మని ఉత్తరం రాశారు. రెండో వర్గానికి నర్సు తరచుగా రక్తపరీక్ష చేసి ఫలితం చూపించేది. కొన్ని నెలలకొకసారి డాక్టరు మాట్లాడేవాడు. ఈ సంభాషణల లక్ష్యం పూర్తిగా మానిపించడం కాదు, తగ్గించడం.

హాన్స్ క్రిస్టెన్సన్ బృందం 1983లో ఫలితాలు ప్రకటించింది. ఎంజైము స్థాయి రెండు వర్గాల్లోనూ తగ్గింది. కాని నర్సు, డాక్టరు వెంట ఉండి చూసుకున్న వర్గంలో జబ్బు సెలవులు, ఆస్పత్రిలో గడిపిన రోజులు, మరణాలు తక్కువగా ఉన్నాయి. ఈ మగవాళ్ళు తాగుబోతులన్న ముద్ర పడినవారు కారు. తమంతట తాము సహాయం కోరి వచ్చినవారూ కారు. మామూలు ఆరోగ్యపరీక్షకు వచ్చిన మామూలు మనుషులు.

అంతకు ముందే లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఆర్ఫర్డ్ మరొక విశ్వాసాన్ని కదిలించారు. మద్యవ్యసనం ఉన్న వంద మంది వివాహితుల్లో సగం మందికి నెలల తరబడి చికిత్స అందింది. తక్కినవారికి భార్య సమక్షంలో ఒకే ఒక్క విడత సలహా అందింది. 1977లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. సలహా ఇంత పని చేయగలదా అన్న ప్రశ్న అప్పటినుంచి బలంగా వినబడసాగింది.

మూడో ఆలోచన లెక్కలకు సంబంధించినది. నార్మన్ క్రైట్‌మన్ 1986లో మద్యం విషయంలో నివారణ వైరుధ్యం గురించి రాశాడు. విపరీతంగా తాగేవాడికి ఒక్కొక్కడికీ ముప్పు చాలా ఎక్కువ, నిజమే. కాని అటువంటివారు కొద్దిమంది. ఓ మోస్తరుగా తాగేవారు ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, సమాజంలో మద్యంవల్ల జరిగే నష్టంలో పెద్ద వాటా వారి నుంచే వస్తుంది. తాగుబోతులను మాత్రమే వెతికి పట్టుకునే పద్ధతికి ఈ నష్టంలో అధికభాగం కంటబడదు.

ఆరు దేశాలు, పది ప్రశ్నలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో మొదలుపెట్టిన పరిశోధనకు నేపథ్యం ఇది. వ్యసనం ముదిరాక కాక, హాని మొదలయ్యే దశలోనే గుర్తించగల ప్రశ్నావళి కావాలి. అది ఏ ఒక్క దేశపు ఆచారాలకో కట్టుబడి ఉండకూడదు. జాన్ సాండర్స్, ఓలాఫ్ ఆస్‌లాండ్ తదితరులు నార్వే, ఆస్ట్రేలియా, కెన్యా, బల్గేరియా, మెక్సికో, అమెరికా దేశాల్లోని వైద్యకేంద్రాలకు వచ్చిన 1,888 మందిని సుదీర్ఘంగా ప్రశ్నించారు. అన్ని దేశాల్లోనూ ఒకే తీరుగా పనిచేసిన పది ప్రశ్నలను ఏరి ‘ఆడిట్’ అన్న పరీక్షగా కూర్చారు. దాని తొలి కరదీపిక 1989లో, శాస్త్రీయ వివరణ 1993లో వచ్చాయి.

ప్రశ్నల వరుసే ఒక సిద్ధాంతం. మొదటి మూడు ఎంత, ఎంత తరచుగా అన్నవాటిని గురించి. తరువాతి మూడు అదుపు తప్పడం గురించి. చివరి నాలుగు జరిగిన హాని గురించి. మొత్తం మార్కులు నలభై. ఎనిమిది, అంతకు మించి వస్తే జాగ్రత్తపడాలి. ఇరవై, అంతకు మించి వస్తే నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. అవును, కాదు అనే రెండు జవాబులకు బదులు ఇక్కడ మెట్లున్నాయి. రష్ గీసిన ఉష్ణమాపకం రెండు శతాబ్దాల తరువాత తిరిగి వచ్చినట్టయింది. ఈసారి దాని అడుగున ఉరికొయ్య లేదు.

ప్రశ్న అడిగాక ఏం చేయాలన్నది మరొక పరిశోధనలో తేలింది. ఆ సంస్థ ఆధ్వర్యంలోనే పలు దేశాల్లో జరిగి 1996లో ప్రచురితమైన ప్రయోగంలో, కొద్ది నిమిషాల సలహా పొందిన పురుషుల రోజువారీ తాగుడు, సలహా పొందనివారి కంటే సుమారు 17 శాతం తక్కువగా ఉంది. అయిదు నిమిషాల మాట కంటే ఇరవై నిమిషాల మాట సాధించిన అదనపు ఫలితం ఏమీ లేదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు కుటుంబవైద్యుల ద్వారా జరిగి 1997లో వెలువడిన పరిశోధన కూడా ఇదే దారి చూపింది.

కాగితం ఒకటి, నిజం ఒకటి

పది ప్రశ్నలు కూడా తీరిక లేని వైద్యుడికి ఎక్కువే. మొదటి మూడు ప్రశ్నలు చాలునని 1998లో ఒక పరిశోధన చూపింది. అమెరికా మాజీ సైనికుల వైద్యవ్యవస్థ 2004 నుంచి ఈ మూడింటినీ ఏటా అడగడం తప్పనిసరి చేసింది. అదే ఏడాది అమెరికా నివారణ సేవల కార్యదళం పెద్దలందరికీ ఈ స్క్రీనింగ్ సిఫారసు చేసి, 2013లోను, 2018లోను దాన్ని పునరుద్ఘాటించింది. 2010 నాటి ఆరోగ్య చట్టం కింద చాలా బీమా పథకాల్లో దీనికి రోగి విడిగా చెల్లించవలసింది ఏమీ లేదు. ఇంగ్లండులో నలభై నుంచి డెబ్భై నాలుగేళ్ళ మధ్యవారికి అయిదేళ్ళకొకసారి జరిగే ఆరోగ్యపరీక్షలో 2013లో మద్యం ప్రశ్నలు చేరాయి.

ఇంతటితో కథ సుఖాంతమైందనలేం. మాజీ సైనికుల వైద్యవ్యవస్థలోనే జరిగి 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఒకే వ్యక్తులు తపాలాలో వచ్చిన ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులను, వైద్యశాలలో నమోదైన జవాబులతో పోల్చారు. ప్రశ్నలు అవే. ఇంట్లో కూర్చొని రాసినప్పుడు ముప్పు ఉన్నట్టు తేలినవారిలో 61 శాతం మంది వైద్యశాల రికార్డుల్లో ముప్పు లేనివారుగా నమోదయ్యారు. అడిగే తీరులోనే కొంత లోపం ఉందని ఆ తరువాతి పరిశీలనలు చెప్పాయి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవకుండా, ‘మీరు పెద్దగా తాగరు కదా?’ అన్న ధోరణిలో అడిగితే వచ్చే జవాబు ఏమిటో ఊహించవచ్చు. అడిగేవారి మొహమాటం, చెప్పేవారి మొహమాటం కలిసి ఒక తప్పుడు అంకెను తయారుచేస్తాయి.

సలహా బలంపైనా సందేహాలున్నాయి. 2013లో వెలువడిన ఒక బ్రిటిష్ ప్రయోగంలో 756 మంది రోగులను మూడు వర్గాలు చేశారు. ఒకరికి మార్కులు చెప్పి కరపత్రం చేతిలో పెట్టారు, మరొకరికి అయిదు నిమిషాల సలహా, ఇంకొకరికి ఇరవై నిమిషాల సంభాషణ. మూడు వర్గాల ఫలితాల్లోనూ గణనీయమైన తేడా కనబడలేదు. ఎంపిక చేసిన 69 ప్రయోగాలను సమీక్షించిన కాక్రేన్ నివేదిక 2018లో చెప్పిన సగటు లాభం ఏడాది తరువాత వారానికి సుమారు ఇరవై గ్రాముల ఆల్కహాలు తగ్గుదల. అద్భుతం అనదగినది కాదు, కొట్టిపారేయదగినదీ కాదు. మాల్మోలో ఉత్తరం మాత్రమే అందుకున్నవారి ఎంజైము కూడా తగ్గిందన్న సంగతిని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. ఒక మనిషి తన అంకెను తాను ఎదురుగా చూసుకోవడంలోనే కొంత చికిత్స ఉందేమో.

గ్లాసు కాదు, పెగ్గు

ఆ అంకె సరైనది కావాలంటే కొలత సరైనది కావాలి. ప్రవాసంలో ఉన్న తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అమెరికా లెక్కలో ఒక ‘డ్రింకు’ అంటే 14 గ్రాముల ఆల్కహాలు: 355 మిల్లీలీటర్ల మామూలు బీరు, లేదా 44 మిల్లీలీటర్ల విస్కీ. బ్రిటన్‌లో ఒక ‘యూనిట్’ అంటే 8 గ్రాములే. భారతదేశంలో కొలత పెగ్గు. 42.8 శాతం ఆల్కహాలు ఉండే భారతీయ విస్కీలో అరవై మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు పోస్తే అందులో ఉండే ఆల్కహాలు సుమారు 20 గ్రాములు. అంటే ‘రెండు పెగ్గులు’ అమెరికా లెక్కలో దాదాపు మూడు గ్లాసులు, బ్రిటన్ లెక్కలో అయిదు యూనిట్లు.

వారానికి రెండు మూడు సాయంత్రాలు రెండేసి పెద్ద పెగ్గులు తాగే ఒక పురుషుణ్ణి ఊహించుకుందాం. మూడు ప్రశ్నల పరీక్షలో తరచుదనానికి అతనికి మూడు మార్కులు. రెండో ప్రశ్నకు ‘ఒకటి రెండు’ అని నిజాయితీగానే రాస్తే సున్నా. మొత్తం మూడు, పురుషులకు హద్దు నాలుగు కనుక అతను గట్టుమీదే ఉన్నాడు. అదే పెగ్గును గ్లాసుల్లోకి మార్చి ‘మూడు నాలుగు’ అన్న గడిలో రాస్తే మరొక మార్కు చేరి హద్దును తాకుతాడు. స్త్రీలకు హద్దు మూడే. ఇదే మనిషి లండన్‌లో ఉండి వారానికి మూడు సాయంత్రాలు తాగితే పదిహేను యూనిట్లవుతాయి. 2016 నుంచి బ్రిటన్ వైద్యాధికారులు స్త్రీపురుషులిద్దరికీ సూచిస్తున్న పరిమితి పద్నాలుగు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొలపాత్ర ఒక్కటే మారింది.

అడగని ప్రశ్న

తెలుగునాట మద్యం చరిత్ర ఎక్కువగా దుకాణం చుట్టూ తిరిగిన చరిత్ర. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమం ప్రభుత్వాలను కదిలించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు ఆ పరంపరలోనివే. కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం, ఇంట్లో దెబ్బలు తినడం కళ్ళారా చూసిన ఆ స్త్రీలు సరైన చోటే దెబ్బ కొట్టారు. అయితే అమ్మకాన్ని ఆపాలా, సాగనివ్వాలా అన్న వాదంలో డాక్టరు గదికి చోటు లేకపోయింది. జ్వరానికో రక్తపోటుకో మందు తీసుకోవడానికి వచ్చినవాణ్ణి ‘ఎంత తాగుతావు నాయనా?’ అని తప్పుపట్టకుండా అడిగే పని ఉద్యమానిది కాదు, చట్టానిదీ కాదు.

ఆ అవసరం ఎంత పెద్దదో 2019లో కేంద్రప్రభుత్వం విడుదల చేసిన జాతీయ సర్వే తెలిపింది. మద్యంవల్ల సమస్యలు ఎదుర్కొంటున్నవారు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది. వీరందరికీ మానసిక వైద్యులు దొరకరు. దీనికి ఒక జవాబు గోవాలో దొరికింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన పురుషులను ఆడిట్ ప్రశ్నలతో పరీక్షించి, 12 నుంచి 19 మార్కుల మధ్య వచ్చినవారిలో కొందరికి శిక్షణ పొందిన మామూలు వ్యక్తుల చేత నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ ఇప్పించారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల తరువాత ముప్పు హద్దు లోపలికి వచ్చినవారు ఈ వర్గంలో 36 శాతం, సాధారణ సేవ పొందిన వర్గంలో 26 శాతం. ఇతర దేశాల్లో రూపొందిన ప్రశ్న మన గడ్డమీద కూడా పనిచేయగలదనడానికి ఇది నిదర్శనం.

మందు అన్న ఒక్క మాటతోనే తెలుగువారు ఔషధాన్నీ మద్యాన్నీ పిలుస్తారు. మొదటి మందు మోతాదు గురించి డాక్టరు అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ఉదయం ఎన్ని మాత్రలు, రాత్రి ఎన్ని మాత్రలు అన్నది వివరంగా చెబుతారు. రెండో మందు మోతాదును కూడా అంత మామూలుగా అడిగి, అంత మామూలుగా చెప్పగలిగే పరిస్థితి కల్పించడమే సెల్జర్ నుంచి సాండర్స్ దాకా సాగిన ప్రయాణపు అసలు ఫలితం. ఆరోగ్యపరీక్ష కాగితం మీది ఆ గడి మనిషిని తాగుబోతని నిర్ణయించడానికి పెట్టింది కాదు. ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టడానికే రెండు శతాబ్దాలు పట్టింది. ఆ గడిలో నింపవలసింది ఒక అంకె మాత్రమే, అదీ పెగ్గును సరిగ్గా కొలిచిన అంకె.